బూడిద కింద బడి

నేను మా బడి కప్పు మీద కూర్చున్నాను. కప్పు అంటే ఇనుప రేకులు కావు, రేకుల మీద పేరుకున్న బూడిద, ఆ బూడిద మీద ముప్ఫై ఏళ్లుగా మొలిచి, ఎండి, మళ్లీ మొలిచిన రెల్లు. పక్కన అమ్మ నల్ల గొడుగు వేసుకుని, లుంగీ మోకాళ్ల మధ్యకు దోపుకుని, వక్క నములుతోంది. గొడుగు నీడ సగం నా భుజం మీద పడుతోంది, మిగతా సగం ఎండ. నా కాళ్ల కింద ఎక్కడో ఐదో తరగతి గది ఉంది. అందులో కిటికీ పక్కన నా బల్ల ఉంది. ఆ బల్ల అడుగున నేను అంటించిన సీమపనస జిగురు ఉండ కూడా ఉండే ఉంటుంది, దాన్ని గీకిపారేసే వాళ్లెవరున్నారు? చదువుకున్న బడికి పెద్దయ్యాక వెళితే గుమ్మం చిన్నదైపోయినట్టు, బల్లలు మోకాళ్ల ఎత్తుకు దిగిపోయినట్టు ఉంటుందంటారు. నాకు ఇంకా గుమ్మమే దొరకలేదు. ఇక్కడ కొత్త బడి కడుతున్న మేస్త్రీ దారియస్ పార దాన్ని వెతుకుతోంది. పార బూడిదలో దిగేటప్పుడు మెత్తగా ఉష్షంటుంది, తరగతిలో ఎవరో నోటి మీద వేలు పెట్టుకుని అందరినీ నోరు మూయించినట్టు. ఆ చప్పుడు విన్న ప్రతిసారీ నేను మాట్లాడటం మానేస్తున్నాను, అసలు మాట్లాడకపోయినా.

కొత్త బడికి పునాదులు తీస్తుంటే పారకు రేకు తగిలిందట. ముప్ఫై ఏళ్ల కిందట అగ్నికొండ పేలాక ఊరు ఊరంతా లోపలి గట్లకు తరలిపోయింది. ఇప్పుడిప్పుడే కొన్ని కుటుంబాలు భయం మరిచిపోయో, అక్కడ భూమి చాలకో, సముద్రం లేకుండా బతకలేకో వెనక్కి వస్తున్నాయి. వచ్చినవాళ్లకు పిల్లలున్నారు, పిల్లలకు బడి కావాలి. రేకు తగలగానే దారియస్ పని ఆపేసి అమ్మకు కబురు పెట్టాడు. అమ్మ నాకు ఫోన్ చేసింది. "కొకోపో నుంచి పొద్దున్నే బస్సెక్కి రా. నేను లేకుండా ఒక్క పార మట్టి తీయొద్దని చెప్పాను," అంది. ఎందుకమ్మా అని నేను అడగలేదు. మా ఇంట్లో ముప్ఫై ఏళ్లుగా ఎవరూ అడగని ప్రశ్న అది. కుట్టుమిషన్ మీద సగం కుట్టిన రవికెను అలాగే వదిలేసి వచ్చాను.

బూడిదకు వాసన ఉంటుంది. తడిసినప్పుడు ఒక వాసన, ఎండినప్పుడు ఇంకొకటి, ఇలా లోతుల్లోంచి తీసినప్పుడు కుళ్లిన గుడ్డు వాసన. గుడ్డు అనుకోగానే చెయ్యి గుర్తొస్తుంది, మామయ్య చెయ్యి, భుజం దాకా వేడి ఇసుకలో దిగిపోయి, చెంప ఇసుకకు ఆన్చుకుని, కళ్లు మూసుకుని, "ఉంది... ఉంది... దొంగముండ ఇంకా లోతుకు పెట్టింది," అంటూ. కొండ అడుగున ఇసుక ఎప్పుడూ వెచ్చగా ఉండేది. అడవికోళ్లు గుడ్లను పొదగవు, ఇసుకలో గొయ్యి తీసి పెట్టిపోతాయి, పొదిగే పని కొండదే. శనివారాలు మామయ్య మమ్మల్ని పడవలో తీసుకెళ్లి గుడ్లు తవ్వించేవాడు. ఆ గుడ్డు పెద్దది, నా రెండు చేతులకూ సరిపోయేది, బతికున్నదానిలా వేడిగా ఉండేది. "కొండ మనకు అత్తగారు రా," అనేవాడు మామయ్య. "పెడుతుంది, తిడుతుంది. పెట్టినప్పుడు తినాలి, తిట్టినప్పుడు లేచి పోవాలి." కొండ పేలిన ఏడాది వానలు వెనకబట్టాక అడవికోళ్లు రావడం మానేశాయి. ఇసుక మరీ వేడెక్కిపోయి చెయ్యి పెట్టలేకపోయాం. మామయ్య చెయ్యి వెనక్కి లాక్కుని ఊదుకుంటూ నవ్వాడు, కానీ ఆ నవ్వు పడవెక్కేదాకా కూడా నిలవలేదు. అది నేను చూశాను. చూసి ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికి ఏముందని?

ఆయన పేరు ఎలియాబ్. అమ్మకు తమ్ముడు, మా బడికి పెద్దసారు. ఇంట్లో మామయ్య, గేటు దాటితే సార్. గేటు దగ్గర ఒకసారి మరిచిపోయి మామయ్యా అంటే చెవి మెలిపెట్టాడు, సాయంత్రం ఆ చెవికే కొబ్బరినూనె రాశాడు. నేను పుట్టకముందు కొండ ఒకసారి బాగా కదిలి, ఊళ్లో అందరినీ భయపెట్టి, ఏమీ చేయకుండా ఊరుకుందట. అప్పటినుంచి ఊరికి కొండంటే వెక్కిరింత. మామయ్య మాత్రం నెలకోసారి, కొండ పేలితే ఏం చేయాలనే పాఠం మా చేత చేయించేవాడు. యుద్ధంలో పడిన బాంబు గుల్ల ఒకటి వేపచెట్టు కొమ్మకు వేలాడేది, దాన్ని ఇనుప కడ్డీతో కొట్టేవాడు. ఇంట్లో ఉన్నా, తోటలో ఉన్నా, రేవులో ఉన్నా అందరం పరుగున బడికి రావాలి. వరసలో నిలబడాలి. ముందువాడి చొక్కా తోక పట్టుకోవాలి. మమ్మల్ని దూరం తీసుకెళ్లే లారీ వచ్చేదాకా కదలకూడదు. "ఎవరు కదలకూడదు?" అని అరిచేవాడు. "మేము!" అని మేము అరిచేవాళ్లం. "లారీ రాకపోతే?" "సార్ వస్తారు!" ఊరి పెద్దలు కంచె అవతల నిలబడి నవ్వేవాళ్లు. "ఏమయ్యా ఎలియాబూ, లారీలో మా పందులకూ చోటుందా?" అని ఒకడు. "నీకుంటే వాటికుండదూ?" అని మామయ్య.

"మెల్లగా తవ్వండ్రా! రేకు వంగుతోంది!" దారియస్ గొంతు. పార చప్పుడు మారింది, ఉష్షనడం లేదు, గీరుతోంది. అమ్మ నమలడం ఆపింది. అమ్మ దవడ ఆగిపోతే నాకు భయం. కొండ పేలే ముందురోజు రోడ్డు మీద కూడా ఇలాగే ఆగింది. ఆదివారం పొద్దున్నించి నేల ఒక్క క్షణం నిలకడగా లేదు, చావిట్లో దుంపల బుట్ట దానంతటదే గోడ దాకా నడిచింది, రేవులో సముద్రపు అడుగునేల పైకి లేచి చేపలు ఎండలో కొట్టుకున్నాయి. సాయంత్రానికి ఎవరూ చెప్పకుండానే ఊరంతా రోడ్డెక్కింది. చాపలు, కుండలు, కోళ్లు, బైబిలు, కుక్కలు. లారీలు రాలేదు, ఊరే నడిచింది. బడికి ఎవరూ వెళ్లలేదు, ఆ పాఠం అప్పుడెవరికి గుర్తుంది? మామయ్య నా చెయ్యి పట్టుకుని నడుస్తూ తలలు లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. గట్టు ఎక్కే మలుపు దగ్గర నా చెయ్యి అమ్మకు అందించాడు.

"అక్కా, బడి దగ్గర ఎవరైనా ఉన్నారేమో చూసొస్తా."

"ఎవరుంటారు? నీ బడి పిల్లలంతా ఇక్కడే ఉన్నారు కదరా! నువ్వే లెక్కపెట్టావు కదా!"

"ఊరికే చూసొస్తా."

"ఊరికేనా? నాకు తెలీదనుకోకు."

మామయ్య నా తల మీద చెయ్యి వేసి తీశాడు. జనం పైకి వస్తుంటే ఆయన ఒక్కడే కిందికి దిగాడు, అందరికీ భుజాలు తగులుతూ, తప్పుకోండి తప్పుకోండి అంటూ. తెల్ల చొక్కా కొంతదూరం కనిపించింది. తెల్లారేసరికి కొండ పేలింది. పగలు చీకటైపోయింది. మధ్యాహ్నం నా చెయ్యి నాకే కనిపించలేదు. బూడిద వానై, వాన బురదై పడింది. ఒకచోట తలదాచుకున్న వాళ్లమంతా ఒకళ్ల పేరొకళ్లం పిలుచుకుంటూ కూర్చున్నాం. అమ్మ ఒక్క పేరు మాత్రం పిలవలేదు, తమ్ముడిది.

నాకు తెలీదనుకోకు అని అమ్మ అన్నది డోరిస్ గురించి. ఒకటో తరగతి చెప్పే డోరిస్ టీచర్ పొడుగ్గా ఉండేది, జడలో ఎర్ర మందారం పెట్టుకునేది, ఆమెదీ మాదీ ఒకే గోత్రం. ఒకే గోత్రం వాళ్ల పెళ్లంటే మాకు చావు కంటే పెద్ద అవమానం. ముందువారం ఇంట్లో పెద్ద గొడవైంది. మామయ్య నోరెత్తలేదు, అమ్మ నోరు మూయలేదు. "ఆ పిల్లతో పోతే నువ్వు నాకు చచ్చినట్టే," అంది. కొండ చల్లబడ్డాక చూస్తే మామయ్య లేడు, డోరిస్ టీచర్ కూడా లేదు. కొకోపో రేవులో వాళ్లిద్దరూ పడవెక్కడం చూశామన్నారు ఒకరు. దూరాన కింబేలో ఎలియాబులాంటివాడు చేపలమ్ముతున్నాడన్నారు ఇంకొకరు. అమ్మ నమ్మింది. ఇప్పుడనిపిస్తుంది, నమ్మితే ఆయన ఎక్కడో బతికున్నట్టే కదా. అందుకే తిట్టింది. చామదుంప ఒలుస్తూ తిట్టింది, ప్రార్థన నుంచి వస్తూ తిట్టింది, నా పెళ్లిలో మేనమామ కూర్చోవలసిన చాప ఖాళీగా చూసి తిట్టింది. కర్మ చేద్దామని పెద్దలు అంటే, "చచ్చినవాడికి చేస్తారు, పారిపోయినవాడికి కాదు," అంది. కర్మనాడు ముసుగులు వేసుకున్న ఆటగాళ్లు తోపులోంచి బయటికొచ్చి ఆడకపోతే మావాళ్ల ఆత్మ ఎటూ పోలేదు, ఇంటి చుట్టే తిరుగుతుంది. మా ఇంటి చుట్టూ ఎవరో తిరుగుతున్నారని నాకు ఎప్పుడూ తెలుసు. మిషన్ తొక్కుతూ ఉంటాను, వెనకాల తెల్లగా ఏదో దాటుతుంది. తిరిగి చూడను.

రేకు తెరుచుకుంది. ఆ చప్పుడు నేను చెప్పలేను. లోపల మూసుకుపోయిన గాలి ఒక్కసారి పైకి వచ్చింది, వెచ్చగా, నా పాదాల మీదుగా. అది ముప్ఫై ఏళ్ల కిందటి గాలి, నేను ఐదో తరగతిలో ఉన్నప్పటిది, అందులో నా ఊపిరి కూడా ఉంటుంది. యుద్ధకాలపు ఇనుప దూలాలు విరగలేదు. బూడిద గదిని సగం దాకా నింపి ఆగిందట. దారియస్ నిచ్చెన దించి, టార్చి పళ్లతో కరుచుకుని దిగాడు. ఆయన కూడా మామయ్య దగ్గరే చదువుకున్నాడు. ఇప్పుడు గడ్డం నెరిసింది. నిచ్చెన కిర్రుమంది. తర్వాత దగ్గు. తర్వాత, "ఉన్నారు," అన్నాడు.

అమ్మ గొడుగు మూసింది. ఎండ మా ఇద్దరి మీదా పడింది.

"వాడేనా?" అంది.

"వెనక గోడ దగ్గర, ఆఖరి వరసలో కూర్చుని ఉన్నాడక్కా." టార్చి వెలుగు కిందికి జారింది. "కాదు. ఇది సార్ కాదు."

"మరెవరు రా? ఆ డోరిస్ తప్ప ఊళ్లో ఇంకెవరూ తప్పిపోలేదు కదా!"

"ఎడమ మోకాలి కింద ఎముక వంకరగా అతుక్కుంది. దీనికి కట్టు కట్టింది మా నాన్నే. నాసన్, అక్కా. మన నాసన్."

నాసన్! పైన నిలబడ్డ మగవాళ్లు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. ముప్ఫై ఏళ్లలో ఆ పేరు నేను ఒక్కసారైనా తలిచానా? ఎవరైనా తలిచారా? నాసన్‌కు మీసాలుండేవి, మగవాళ్లకున్నంత భుజాలుండేవి, మాట మాత్రం నాలుగేళ్ల పిల్లవాడిది. వాళ్లమ్మ బైనింగ్ కొండల నుంచి వచ్చి, ఇక్కడే చనిపోయింది. ఏ గోత్రమూ లేదు, ఏ ఇల్లూ లేదు, ఈ పూట ఈ చావిట్లో, ఆ పూట ఆ చావిట్లో తినేవాడు. ఏటా ఒకటో తరగతిలో కూర్చునేవాడు, మామయ్య వద్దనలేదు. అక్షరం రాలేదు, లెక్క రాలేదు, ఒక్కటే వచ్చింది. బాంబు గుల్ల మోగితే అందరికంటే ముందు కుంటుకుంటూ వచ్చి నిలబడేవాడు, ఒక బుడతడి చొక్కా తోకను రెండు వేళ్లతో, చిరిగిపోతుందేమోనన్నట్టు పట్టుకుని. "నాసన్ ఫస్టు!" అని మామయ్య అనేవాడు. నాసన్ మొహం వెలిగిపోయేది. ఆ ఆదివారం ఒక్కో ఇంటివాళ్లూ వాడు పక్కింటివాళ్లతో ఉన్నాడనుకున్నారు. తర్వాత వేరే గట్ల మీద వేరే గుడారాల్లో వేరే వాళ్లతో ఉన్నాడనుకున్నారు. తర్వాత అనుకోవడమే మానేశారు. పిల్లలంతా ఇక్కడే ఉన్నారు కదరా అంది అమ్మ, నిజమే, పిల్లలంతా ఉన్నారు. నాసన్ పిల్లల లెక్కలోనూ లేడు, పెద్దల లెక్కలోనూ లేడు. మామయ్య లెక్కలో ఉన్నాడు.

నాకిప్పుడు అంతా వినిపిస్తోంది, నేను వద్దనుకున్నా వినిపిస్తోంది. కింద గదిలో టార్చి వెలుగు అటూ ఇటూ పోతోంది, నాకు లాంతరు కనిపిస్తోంది. రారా నాసన్, లే. లారీ రాలేదు సార్. ఈ రోజు లారీ రాదు, నడిచి పోదాం, అందరూ పైన ఉన్నారు. లారీ వచ్చేదాకా కదలకూడదు సార్. నేనే చెప్పాను కదరా, నేనే ఇప్పుడు పద అంటున్నాను. నాసన్ ఫస్టు కదా సార్? ఫస్టేరా, ఫస్టే, లే. నేల కదులుతుంటే వాడు బల్లను ఇంకా గట్టిగా పట్టుకుని ఉంటాడు. వాడి బలం మామయ్యకు రెండింతలు. లాగి ఉంటాడు, కొట్టి ఉంటాడు, పాట పాడి ఉంటాడు, చివరికి పక్కన కూర్చుని, సరే, తెల్లారనీ అని ఉంటాడు. తను నేర్పిన పాఠం ఒక్కడికే పూర్తిగా వచ్చింది, అది వాణ్ని కదలనివ్వలేదు. వాడు కదలకపోతే ఆయనా కదలలేడు. ఎవరు ఎవరి చొక్కా తోక పట్టుకున్నట్టు?

"తలుపు దగ్గర ఇంకొకరు," అన్నాడు దారియస్.

అమ్మ లేచి గొయ్యి అంచుదాకా పాక్కుంటూ వెళ్లింది. నేను నడుం పట్టుకున్నాను, నా చేతులు విదిల్చింది. "పళ్లు చూడు. ముందు పళ్లు చూడరా."

"పైవరసలో ముందుపన్ను సగానికి విరిగి ఉంది."

"నేనే," అంది అమ్మ. "నేనే విరగ్గొట్టాను. తెడ్డుతో. నా చేప దొంగిలించాడని. ఆరేళ్లుంటాయి వాడికి." అలా అంటూ నవ్వింది. అవును, ఆ విరిగిన పంటి వల్ల మామయ్య స అంటే ఈల వచ్చేది, పాఠం మధ్యలో ఆ ఈల వింటూ నేను నిద్రపోయేదాన్ని. అమ్మ నవ్వు ఎక్కడ మారిందో తెలియలేదు, బూడిదలో మొహం పెట్టి, లేచి, మళ్లీ పెట్టి, "ఒరేయ్, చెప్పొచ్చు కదరా, నాసన్ కోసం పోతున్నానని ఒక్క మాట చెప్పొచ్చు కదరా," అంది. చెబితే ఏమనేదానివమ్మా అని నేను అడగలేదు. అమ్మ తనే చెప్పింది. "పోనీలే వాడెవడు మనకు అనేదాన్ని. అందుకే చెప్పలేదు."

"తలుపు తీయబోయాడో, బూడిద రాకుండా మూయబోయాడో తెలీడం లేదక్కా," అన్నాడు దారియస్ కిందనుంచి.

"తీయబోయాడు," అంది అమ్మ వెంటనే. దారియస్ గదంతా టార్చి తిప్పి ఇంకెవరూ లేరన్నాడు, డోరిస్ టీచర్ ఆ పడవ ఒక్కతే ఎక్కి ఉంటుంది.

ఎముకల్ని కొత్త చాపల్లో చుట్టి తాళ్లతో పైకి తెచ్చారు. మామయ్య చాప ముందు, నాసన్ చాప తర్వాత. మా గోత్రపు శ్మశానం రేవు పక్కనే, దాని మీద కూడా బూడిదే, కానీ హద్దురాళ్లు తవ్వి తీశారు. మగవాళ్లు మామయ్య చాపను ఎత్తుకున్నారు. నాసన్ చాప దగ్గర ఆగారు. ఒక పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"ఇదావ్ అక్కా, వీడు మన గోత్రం కాదు. ఏ గోత్రమూ కాదు. చర్చి వెనకాల చోటుంది..."

అమ్మ మొహం నిండా బూడిద, పెదాల మీద వక్క ఎరుపు. "ముప్ఫై ఏళ్లు నా తమ్ముడితో ఒకే గదిలో ఉన్నాడు. ఒకే కప్పు కింద. నీ అన్నదమ్ములెవరైనా నీతో అన్నాళ్లున్నారా? ఎత్తండి."

ఎత్తారు. అమ్మ వాళ్ల వెనకాల నాలుగడుగులు వేసి, ఇక నడవలేక తవ్విపోసిన రెల్లు వేర్ల మీద కూర్చుండిపోయింది. దారియస్ నీళ్లు తెచ్చిచ్చాడు. నన్నెవరూ చూడటం లేదు. నిచ్చెన ఇంకా అక్కడే ఉంది. నేను చెప్పులు విప్పి దిగాను.

కప్పు నా తలకు తగిలింది, వంగవలసి వచ్చింది. గుమ్మం చిన్నది కాలేదు, నేలే పైకి లేచింది. బల్లలు బూడిదలో మునిగి పైచెక్కలు మాత్రం తేలుతున్నాయి, పోటు తగ్గిన నీళ్లలో పడవల్లా. కిటికీ పక్కన నాది. అడుగుకు చెయ్యి పోలేదు. బల్ల మీద కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి వచ్చాయి. కంతలోంచి పడుతున్న వెలుతురులో బూడిద పైకి లేస్తోంది, కిందికి రావడం లేదు. ఖాళీ గదిలో ఒంటరిగా ఉన్నట్టు లేదు. పరీక్ష రోజు సార్ బయటికెళ్లినప్పుడు గది ఎలా ఉంటుందో అలా ఉంది, ఎవరూ కదలరు, అందరూ ఉంటారు, ఊపిరి మాత్రం తెలుస్తుంది. మా వరసలో వాళ్లు సగం మంది ఈ ముప్ఫై ఏళ్లలో పోయారు, మలేరియాతో ఒకరు, కాన్పులో ఒకరు, తాగి రోడ్డు మీద ఒకరు. వాళ్లు ఇక్కడికే వచ్చినట్టున్నారు. ముందు వరసలోకి చూడలేదు. వెనక్కి అసలే చూడలేదు. తలుపు దగ్గర, ఇందాక ఎముకలు తీసిన చోట, బూడిదలో మనిషంత గుంట ఉంది. దాని అంచులు ఒక్కో రేణువూ జారి పూడుతున్నాయి. ఆ జారే చప్పుడు ఉష్షనే అంటోంది. నేను చేతులు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను.

"రెల్వీ! ఏయ్ రెల్వీ! ఎక్కడికి పోయావే? పైకి రా, పొద్దు వాలుతోంది!"

అమ్మ గొంతు. గది చెవులు రిక్కించింది. పైనుంచి ఇంకో పేరు కూడా వస్తుందేమోనని ఎవరెవరో ఎదురుచూడటం నా వీపుకు తెలిసింది. అమ్మ మళ్లీ నా పేరే పిలిచింది. నేను లేచి, నిచ్చెన మీద చెయ్యి వేసి, "వస్తున్నానమ్మా," అన్నాను, గదిలో మిగతావాళ్లకు వినపడకుండా.